అయిదో తీగ

బయమ్మ కొంగు విప్పి పిందెలన్నీ నడింట్లో బండల మీద కుమ్మరించింది.

గోలీకాయలంత చీనీ పిందెలు, పండితే బత్తాయిలయ్యేవి. కొన్ని గోడ దాకా దొర్లాయి. ఒకటి చాప దగ్గరికి పోయి, చాప మీద పడుకున్న కదిరప్ప చేతికి తగిలి ఆగింది.

"చూసుకో," అంది బయమ్మ. "ఒక్క సాలులో ఏరినవి ఇవి. ఇంగా పదకొండు సాళ్ళుండాయి. ఆకులు చుట్టుకోని బీడీల మాదిరి అయినాయి."

కదిరప్ప మోచేతి మీద లేచాడు. కుడికాలికి కట్టు ఉంది. తుమ్మముల్లు దిగి చీము పట్టింది. వారం దాకా నేల మీద మోపొద్దని డాక్టరు చెప్పి అయిదు రోజులైంది. భార్య మాటల్లో సగం చెవితో, సగం ఆమె పెదాలు చూసి పట్టుకున్నాడు.

"నీళ్ళు పారినాయి గదే," అన్నాడు. "నాలుగు దినాలూ కంప్రెసర్ ఆడింది."

"యాడ ఆడింది? నేను షెడ్డు కాడ్నించే వస్తాండా. స్టార్టర్‌లో ఒక ఫ్యూజు పోయుండాది. బెల్టు మీద తొండ పండుకోనుండాది. నన్ను చూసి లెయ్యను గూడా లెయ్యలే. ఎన్ని దినాల నుంచి పండుకోనుందో."

"నేను చేత్తో చూస్తినే."

బయమ్మ నాలుగు రోజులు ధర్మవరంలో అక్క ఇంట్లో ఉండి ఆ ఉదయమే బస్సు దిగింది. ఇంట్లోకి రాకముందే తోటలోకి పోయింది.

కదిరప్ప చెప్పింది ఆమెకు అర్థం కాకపోలేదు. బోరులోంచి గాలితో నీళ్ళు ఎగదోసే ఆ కంప్రెసర్ పక్కనే ఆయన పదహైదేళ్ళు కూర్చున్నాడు. చెవులు దానికే పోయాయి. షెడ్డు ఇంటికి రెండు వందల అడుగుల దూరం. కంప్రెసర్ ఆడితే ఇంట్లో బండలు సన్నగా అదురుతాయి. చెవికి అందనిది అరచేతికి అందుతుంది. కరెంటు వేళకు ఆయన బండ మీద చెయ్యి పెడతాడు. అదిరితే పడుకుంటాడు.

"నీ చెయ్యి సంగతి ఇడ్చిపెట్టు. చెవులుండే మనిషిని అడుగుతా." బయమ్మ వంటింటి గడప వైపు తిరిగింది. "ఏమ్మే సుష్మా. నువ్వేం విన్యావు?"

సుష్మ చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగింది.

"ఆడిందత్తా. దినామూ రెండింటికి కరెంటు వస్తానే మొదలయ్యేది. మామ అడిగితే ఆడతాండాది అని చెప్తి."

"చూసి చెప్పినావా? విని చెప్పినావా?"

"విని."

ఆ మాట నిజమే. నాలుగో రోజు సంగతి తప్ప అంతా నిజమే.

2003 మే నెల. బుక్కరాయసముద్రం దాటినాక ఏడు కిలోమీటర్ల దూరంలో ఆ పల్లె. సరైన వాన పడి మూడేళ్ళు. పల్లెకు పగటి కరెంటు ఆ వారం రెండింటి నుంచి అయిదింటి దాకా. కరెంటు రాగానే దానంతట అది మొదలయ్యే స్టార్టర్ పెట్టుకున్నారు. బోరు నీళ్ళు తొట్టిలో పడి, తొట్టి నుంచి పైపుల్లో చెట్ల మొదళ్ళకు పోతాయి. మనిషి పోనక్కర్లేదు. విని, ఆడుతోందంటే చాలు.

"ఆ పక్క నాగన్న బోరు దించుతానని ఉగాది కాడ్నించి అంటాండాడు," అంది బయమ్మ. "వాని చేనికీ మన తోటకూ నడుమ గెట్టు మన బోరుకు ముప్పై అడుగులే. వాడు దించినాడంటే మనకు ఆ నాలుగు చుక్కలూ రావు. నీళ్ళు వచ్చే దినాలన్నా చెట్లకు పెట్టుకోకుండా ఇద్దరూ పండుకోని ఏం విన్యారో ఏమో."

నడింట్లో ఫ్యాను కదలకుండా వేలాడుతోంది. పక్క గది తలుపు మూసి ఉంది. ఇంట్లో మాటలు పెరిగినప్పుడు శ్రీకాంత్ ఆ తలుపు తియ్యడు. పెళ్ళైన ఆరేళ్ళలో సుష్మ నేర్చుకున్న సంగతి అది.

ఫ్యాను రెక్క కదిలింది. రెండైంది.

తలుపు వెనక స్విచ్చు వేసిన చప్పుడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత మొదలైంది.

అది పాట కాదు. చెవికి వచ్చేది తక్కువ. అరికాళ్ళకు వచ్చేది ఎక్కువ. ఒకటి ఆగేలోపు ఇంకొకటి, నేల కింద ఎవరో నడుస్తున్నట్టు. బండల మీద పిందెలు వణికాయి. ఒక్కొక్కటే కదిలి, బండకూ బండకూ మధ్య సందుల్లోకి చేరి, అక్కడ వరసకట్టి వణుకుతూ నిలిచాయి.

కదిరప్ప అరచెయ్యి బండ మీద పెట్టాడు. ముఖం తేటపడింది.

"ఇదో," అన్నాడు. "ఆడతాండాది గదే. నేను చెప్పలే?"

బయమ్మ పిందెల వైపు చూసింది. తలుపు వైపు చూసింది. లేచి పోయి తలుపు తోసింది.

శ్రీకాంత్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో బేస్ గిటారు. పక్కన యాంప్లిఫయర్ పెట్టె, దాని మీద ఎర్ర దీపం. తల్లిని చూసి అరచెయ్యి తీగల మీద వేశాడు. ఇల్లు నిలిచిపోయింది. నడింట్లో పిందెలూ నిలిచిపోయాయి.

"ఏందిరా అది?"

"గిటారమ్మా."

"గిటారు నీకుండాది గదా, ఆడ గోడకు. ఎనిమిదేండ్ల నుంచి వాయిస్తాండావు. ఎన్నడూ నా ఇల్లు కదల్లే."

"దానికి నాలుగే తీగలు. దీనికి అయిదు."

"తీగ ఒకటి ఎక్కువైతే కంప్రెసరయితాదా?"

శ్రీకాంత్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు. గడపలో నిలబడ్డ సుష్మ వైపు చూశాడు. సుష్మ నేల చూసింది. ఆమె భుజం మీదుగా అతనికి పిందెలు కనిపించాయి.

బయమ్మ వెనక్కి వచ్చి, భర్త పక్కన గొంతుకూర్చుని, చెవిలో అరిచి చెప్పింది. రెండు సార్లు చెప్పాల్సి వచ్చింది.

కదిరప్ప బండ మీద నుంచి చెయ్యి తీశాడు. ఆ చేతిని కాసేపు చూసుకున్నాడు.

"అట్లయితే ఆ నాలుగు దినాలూ," అన్నాడు. అక్కడితో ఆపాడు.

శ్రీకాంత్ వచ్చి తండ్రి ఎదురుగా నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళ మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"నాకు తెల్దు నాయనా."

"నీకు తెల్దులే. నేనేమన్లేదు." కదిరప్ప గొంతు పెంచలేదు. "నాలుగు తీగలది వాయించుకో. ఎనిమిదేండ్లు వద్దన్లేదు, ఇప్పుడూ అనను. ఆ అయిదోది ఈ ఇంట్లో మోగగూడదు."

"నాయనా, సాయంత్రం ఆర్కెస్ట్రా కుళ్ళాయప్పన్న వస్తాండాడు. దాన్ని ఇనేదానికే వస్తాండాడు."

"చెట్లు నా మాట ఇనవు. తీగ నీ మాట ఇంటాది గదా. దాన్ని ఆపు."

శ్రీకాంత్ గదిలోకి పోయి స్విచ్చు తీసేశాడు. ఎర్ర దీపం ఆరింది. బయమ్మ ఇంకో చేటలోకి పిందెలు ఎత్తుతోంది. సందుల్లో ఇరుక్కున్నవి వేలితో లాగి తీస్తోంది.

*

సుష్మ గదిలోకి పోయేసరికి శ్రీకాంత్ గిటారును మూలకు ఆనించి, దాని ముందు నేల మీద కూర్చున్నాడు.

పుట్టపర్తిలో లాడ్జిలో దిగిన ఒక జర్మనీ ఆయన దేశం పోతూ ఇచ్చిపోయింది అది. ఆయన యాంప్లిఫయర్ పెట్టె పాడైతే శ్రీకాంత్ రెండు రోజులు కూర్చుని బాగుచేశాడు. మెడ వెడల్పు. నాలుగు తీగల దాని మీద అలవాటైన వేళ్ళు మొదటి వారం దారి తప్పాయి. నాలుగో తీగ అనుకుని అయిదోది మీటేవాడు. అయిదోది పలకపుల్లంత లావు. దాన్ని మీటడం కంటే ఆపడం కష్టమని చెప్పాడు ఒకసారి. పక్క తీగ మీటినా అది తోడు మోగుతుంది. బొటనవేలో, అరచెయ్యో ఎప్పుడూ దాని మీద ఉండాలి.

"కుళ్ళాయప్పన్నకు ఏం చెప్తావు?" అంది సుష్మ.

"ఏం చెప్పేది. నాలుగుతో వాయిస్తా."

"అది ఆయన విన్నదే గదా."

"విన్నదే. విని వద్దన్నదే."

ఏడాది కిందటి మాట అది. అనంతపురంలో కుళ్ళాయప్ప ఆర్కెస్ట్రాలో పాడే రామాంజులుకు వయసు పైబడి గొంతు దిగింది. పాటలన్నీ దించి వాయించాల్సి వచ్చింది. నాలుగు తీగల గిటారు ఒక మెట్టు దగ్గర ఆగిపోతుంది. రామాంజులు గొంతు ఆ మెట్టు కిందకు పోయింది. కుళ్ళాయప్ప కీబోర్డు మీద ఎడం చేత్తో ఆ కింది స్వరాలు తానే వాయించుకోవడం మొదలుపెట్టాడు. శ్రీకాంత్‌కు పని లేకుండా పోయింది. గిటారు గోడకెక్కింది. ఇంట్లో ఒక మనిషి ఏడాది పాటు అన్నం తిని, పడుకుని, లేచాడు. ఏమన్నా అడిగితే ఊ అనేవాడు.

ఈ అయిదోది వచ్చి పద్దెనిమిది రోజులైంది. కరెంటు ఉన్నంతసేపే దాని పెట్టె పలికేది, ఆ వేళ కంప్రెసరూ ఆడేది, రెండు చప్పుళ్ళూ ఒకటైపోయేవి. మొన్న స్నానం చేస్తూ పాడుకున్నాడు. సుష్మ పొయ్యి దగ్గర విన్నది.

"నువ్వు గూడా కంప్రెసరే అనుకున్యావా?" అని అడిగాడు శ్రీకాంత్, తల తిప్పకుండా.

"ఊ."

"నాలుగు దినాలూ?"

"ఊ."

"నేను ఈ పక్కనే ఉండా గదా. పిలిచి అడిగింటే సరిపోయేది."

"పాట మాదిరి ఉంటే అడుగుదును. అది పాట మాదిరి లేదే."

అతను నవ్వాడు. చిన్న నవ్వు. "అదీ నిజమే," అన్నాడు.

సుష్మ కిటికీ దగ్గరికి పోయి నిలబడింది. చీనీ చెట్ల ఆకులు ముడుచుకుని, ఎండలో కాడల్లా నిలబడి ఉన్నాయి.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె పెరట్లో చింతపండు ఆరబోస్తోంది. నేల కింద ఆ నడక నడుస్తోంది. ఉన్నట్టుండి ఆగింది. ఫ్యూజు పోయిందేమో అనుకునేలోపు శ్రీకాంత్ పెరట్లోకి వచ్చి కుండలో నీళ్ళు ముంచుకు తాగాడు. ఆమె వైపు చూసి, మూతి తుడుచుకుని లోపలికి పోయాడు. కాసేపటికి నడక మొదలైంది.

సుష్మ చేతిలోని చింతపండు చేతిలోనే ఉండిపోయింది. షెడ్డు రెండు వందల అడుగులు. పోలేదు. ఇంట్లోకి వచ్చి నడింట్లో నిలబడింది. మామ నిద్రపోతున్నాడు. అరచెయ్యి బండ మీద, నోరు తెరుచుకుని, చిన్నపిల్లవాడి మాదిరి. మూడేళ్ళుగా పగలూ రాత్రీ ఆకాశం చూసిన మనిషి. లేపి చెప్పాలనుకుంది. గది తలుపు వైపు చూసింది. చెబితే ఆ తలుపు వెనక ఏమవుతుందో ఆమెకు తెలుసు. రేపు చెబుదాం అనుకుంది.

మరుసటి రోజు రెండింటికి మామ అడిగాడు. "ఆడతాండాదా పాపా?"

"ఆడతాండాది మామా."

నాలుగు రోజులూ చెప్పిన మాట అదొక్కటే. మూడు సార్లు అది పొరపాటు. నాలుగోసారి అబద్ధం.

*

కుళ్ళాయప్ప నాలుగింటికి మోపెడ్ మీద వచ్చాడు. తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. ముఖం మీద దుమ్ము చెమటతో గీతలు కట్టింది. పంచలో కూర్చుని సుష్మ ఇచ్చిన మజ్జిగ ఒక్క గుక్కలో తాగాడు.

"ఏమక్కా, బాగుండావా?" అని లోపలికి కేకేశాడు. బయమ్మ ఊ అంది. "ఏమప్పా బేసూ, తీసుకురా మరి. మళ్ళా నేను రిహార్సల్‌కు పోవల్ల."

శ్రీకాంత్ లోపలికి పోయి గిటారు తెచ్చాడు. గోడ మీదది.

కుళ్ళాయప్ప దాని వైపు చూసి తీగలు లెక్కపెడుతున్నట్టు వేలు ఆడించాడు. "ఇదేందప్పా. ఫోన్‌లో అయిదు అంటివి. ఒకటి దావలో రాలిపాయనా?"

పిందెల చేట పంచలోనే ఉంది. శ్రీకాంత్ దాన్ని కాలితో పక్కకు జరిపాడు.

"నాలుగుతోనే చేస్తా అన్నా. రామాంజులన్న పాటలకు నాలుగో తీగ కీ తిప్పి దించుకుంటా."

"దించుకుంటావు. దించిన తీగ వదులైతాది. పిలిస్తే పలకదు, పిల్లి మాదిరి దానికి ఇష్టమైనప్పుడు పలుకుతాది. సరే, అదీ పలికింది అనుకుందాం. తర్వాత పాట ఆడమనిషిది. మళ్ళా పైకి లేపల్ల. శనివారం పెండ్లి మంటపంలో వెయ్యిమంది ముందర కీ తిప్పుకుంటా కూచుంటావా? నేను జోకులు చెప్పల్లనా అంతదాకా?"

"రెండు గిటార్లు పెట్టుకుంటా."

"ఒకటి భుజానికి, ఒకటి నడుముకా?" కుళ్ళాయప్ప తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "చూడప్పా, నాకు అయిదు తీగల మీద మోజేం లేదు. బెంగుళూరులో చూసినా. సగం మంది ఆ అయిదోది బొటనవేలు పెట్టుకునేదానికే ఉంచుకుంటారు. వాయించేది నాలుగే. అది గిటారు కాదు, బొటనవేలికి చేతుల కుర్చీ."

శ్రీకాంత్ నవ్వలేదు. "నేను వాయిస్తా," అన్నాడు.

"దేని మీద?"

"అయిదోదాని మీద. రామాంజులన్న ఎంత దిగితే అంత దిగుతా. దిగి అక్కడ నిలబడతా. నీ ఎడం చెయ్యి ఒక స్వరం ఒత్తి ఇడ్చేస్తాదన్నా, యంత్రం మాదిరి. గొంతు వణికితే అది వణకదు. నాది వణుకుతాది."

కుళ్ళాయప్ప గ్లాసు కింద పెట్టాడు.

"అది ఇనల్లనే గదప్పా ఎండలో వచ్చింది. తీసుకురా. ఒక్క పాట."

శ్రీకాంత్ గడప వైపు చూశాడు. లోపల తండ్రి చాప మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్నాడు. రెండు చేతులూ రొమ్ము మీద ఉన్నాయి.

"ఈ ఇంట్లో కాదన్నా."

"ఏం? ఇంట్లో పాముండాదా?"

"చెట్లుండాయి కుళ్ళాయప్పా," అంది బయమ్మ లోపలి నుంచి.

కుళ్ళాయప్పకు ఏమీ అర్థం కాలేదు. సుష్మ గుంజ పట్టుకుని నిలబడి ఉంది. తాను చెప్పాల్సింది ఒక్క మాట అని ఆమెకు తెలుసు. మామ దగ్గర కూర్చుని, నాలుగో రోజు తప్పు తీగది కాదు, నాది అని చెప్పాలి. అప్పుడు ఆయన కోపం గిటారు మీద నుంచి దిగి తన మీదికి వస్తుంది. వస్తే రానీ. ఒక్క పాట పడుతుంది. కానీ పక్కన అత్త ఉంది. ఎదురుగా మొగుడు ఉన్నాడు. రెండు గంటల కిందట అతనికి రెండు సార్లు ఊ అని చెప్పింది.

గుంజ వదల్లేదు.

"సరే," అన్నాడు కుళ్ళాయప్ప లేస్తూ. "శనివారం ఎడం చెయ్యి నాదే. నువ్వు రా. మైకులు పెడుదువు, వైర్లు చూసుకుందువు. ఈ పొద్దు రిహార్సల్ ఉండాది, పద. ఇంట్లో కూచోని ఏం చేస్తావు?"

శ్రీకాంత్ నాలుగు తీగల గిటారును సంచిలో పెట్టి వీపున వేసుకున్నాడు. మైకులు పెట్టే మనిషికి గిటారెందుకని ఎవరూ అడగలేదు. మోపెడ్ ఎక్కబోతూ సుష్మ దగ్గరికి వచ్చాడు.

"దానికి గుడ్డ కప్పు. దుమ్ము పడతాది."

"పొద్దు గూకేలోపల వస్తావు గదా?"

"చూస్తా," అన్నాడు.

మోపెడ్ లేపిన దుమ్ము చాలాసేపు దారి మీద నిలబడింది. గాలి లేదు.

*

అయిదింటికి ఫ్యాను ఆగింది. బయమ్మ ఫ్యూజులు వేసే రంగన్నను వెతుక్కుంటూ రోడ్డు దగ్గరికి పోయింది. రేపటి రెండింటికన్నా కంప్రెసర్ ఆడాలి. ఇంట్లో ఇద్దరే మిగిలారు.

ఎండ గడప దాటి బండల మీదికి వచ్చి పడుకుంది. సుష్మ గుడ్డ తెచ్చి గదిలోకి పోబోతుంటే కదిరప్ప పిలిచాడు.

"పాపా. ఇట్ల కూచో."

కూర్చుంది. ఆయన ఆమె వైపు చూడలేదు. చెవులు పోయిన మనుషులు కొందరు మాట్లాడేటప్పుడు ఎవరినీ చూడరు. జవాబు వినాల్సిన పని ఉండదు.

"ఆ నాలుగు దినాలూ నాకు నిద్ర పట్టింది," అన్నాడు. "కలలొచ్చినాయి. తొట్టి నిండిపోయినాది. నిండి, కట్ట దాటి, సాళ్ళెంబడి వచ్చి, గడప ఎక్కి ఇంట్లోకొచ్చినాయి నీళ్ళు. చాపను ఎత్తినాయి. నేను దాని మీద పండుకోని పోతాండా. చెట్ల నడుమ పోతాండా. చీనీకాయలు నా ముఖానికి తగులుతాండాయి. కాలు నొప్పి ల్యా. మీ అత్త గట్టు మీద నిలబడుకోని అరుస్తాండాది. ఆ అరుపు గూడా నాకు ఇనపడ్తాండాది. నువ్వు నమ్ము, నమ్మకపో. చెవుల్తో ఇనపడ్తాండాది."

సుష్మ గుడ్డను మడతలు పెట్టింది. విప్పింది.

"అది వాడి తీగ అని ముందే తెలిసింటే నిద్ర పట్టేది కాదు," అన్నాడు కదిరప్ప. "తెలీకనే మంచిదాయ. చెట్లకు చెడ్డదాయ. నాకు మంచిదాయ. వాడిని ఏమనేది? మోగొద్దంటి. మోగొద్దని నేనే అని, అప్పట్నించి చెయ్యి యాడ పెట్టుకోవల్లనో తెల్యకుండా ఉండాది."

ఆయన కుడిచెయ్యి ఇంకా రొమ్ము మీదే ఉంది. వేళ్ళు కదులుతున్నాయి.

ఇప్పుడు చెప్పాలి. సుష్మ దగ్గరికి జరిగింది. చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పాలి. అబద్ధం మామూలు గొంతుతో చెప్పినా ఆయనకు అందింది, పెదాలు చూసి. నిజాన్ని అరవాలి.

"మామా," అంది. "నాలుగో దినం..."

"ఉండు," అన్నాడు కదిరప్ప.

ఆయన చెయ్యి రొమ్ము మీద నుంచి దిగి బండ మీద వాలింది. వేళ్ళు విచ్చుకున్నాయి. కళ్ళు మూసుకున్నాడు.

"రంగన్న వచ్చినాడు. ఫ్యూజు యేసినాడు," అన్నాడు. "ఆడతాండాది."

సుష్మ అరికాళ్ళకు కూడా తెలిసింది. సన్నగా, దూరం నుంచి, నేల కింద నడక. మధ్యాహ్నం విన్నదే. దానికంటే తేలిక, దానికంటే ఓపిక.

శ్రీకాంత్ పెరటి దారిన వచ్చాడేమో. తండ్రి మాట వినకుండా మళ్ళీ మొదలుపెట్టాడేమో. ఆమె లేచింది. లేచేటప్పుడు తల పైన ఫ్యాను చూసింది. రెక్కలు కదలడం లేదు.

గదిలో ఎవరూ లేరు. యాంప్లిఫయర్ మీద దీపం లేదు. గిటారు మూలన ఆనించినట్టే ఉంది. పడమటి కిటికీలోంచి ఎండ తీగల మీద పడుతోంది. నాలుగు తీగలు నాలుగు గీతలు. అయిదోది గీత కాదు. దాని అంచులు చెదిరిపోయాయి. ఎవరూ మీటకుండా, ఎవరూ దగ్గర లేకుండా, అది వణుకుతోంది.

సుష్మ వేలు పెట్టింది. ఆగింది. వేలు తీసింది. మళ్ళీ మొదలైంది.

పక్క తీగ మీటినా అది తోడు మోగుతుందని శ్రీకాంత్ చెప్పాడు. పక్కన ఏం మోగుతోందో చూడడానికి ఆమె కిటికీ దగ్గరికి పోయింది.

చీనీ చెట్ల మీదుగా, గెట్టుకు అవతల, నాగన్న చేనులో తెల్లటి దుమ్ము స్తంభంలా లేస్తోంది. దాని మధ్య చెట్ల కంటే ఎత్తుగా ఒక ఇనుప కంబం. కింద లారీ. బోరు బండి డీజిలుతో నడుస్తుంది. దానికి కరెంటు వంతు లేదు. అయిదింటికి ఆగాల్సిన పని లేదు.

గెట్టు దగ్గర మనుషులు నిలబడి ఉన్నారు. ఇంత దూరానికి వాళ్ళ మాటలు వినిపించడం లేదు. ఆ బండి చప్పుడు కిటికీ దగ్గరికి వచ్చాకే చెవికి అందింది. తీగకు వస్తోంది. బండకు వస్తోంది. గిటారు మీద కప్పాల్సిన గుడ్డ ఆమె చేతిలోనే ఉంది.

నడింట్లోకి వచ్చింది. కదిరప్ప కళ్ళు మూసుకునే ఉన్నాడు. పగలంతా ముడిపడి ఉన్న నొసలు విప్పుకుంది. ఊపిరి నిదానంగా పోతూ వస్తోంది. కలలో నీళ్ళు చాప అంచు దాకా వచ్చినట్టున్నాయి.

"మన కంప్రెసరే గదా పాపా?" అన్నాడు.

నాలుగు రోజులు ఆమె చూడకుండా చెప్పింది. ఈ రోజు చూసి వచ్చింది.

"కాదు మామా," అంది.

ఆయన కళ్ళు తెరవలేదు. పెదాలు చూడలేదు. "ఊ," అన్నాడు, అవునని విన్నవాడి మాదిరి. తల కొంచెం పక్కకు వాలింది.

సుష్మ చాప పక్కన కూర్చుంది. మళ్ళీ చెప్పాలి. ఆయనకు అందేటట్టు చెప్పాలంటే ముందు ఆ అరచెయ్యి బండ మీద నుంచి ఎత్తాలి.

ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. చేతికింద బండ అదురుతోంది. ఆ అదురు ఆయన చేతిలోంచి ఆమె చేతిలోకి వచ్చింది.